ల్యాప్‌టాప్‌తో వచ్చిన డ్రైవ్‌తోనే నెట్టుకురావాలా, కొత్తది వేయించుకోవాలా?

ఎంసెట్ (ఇప్పుడు ఈఏపీసెట్) కౌన్సెలింగ్ ముగిసే రోజుల్లో చుట్టాల నుంచి నాకు రెండు రకాల ఫోన్లు వస్తాయి. మొదటిది సీటొచ్చిన పిల్లల ఇళ్ల నుంచి: "512 జీబీది తీసుకోమంటావా, 1 టీబీదా? రెంటికీ రేటులో చాలా తేడా చెప్తున్నాడు షాపువాడు." రెండోది ఆ పిల్లల అక్కల నుంచో అన్నల నుంచో: "నా పాత ల్యాప్‌టాప్ ఆన్ చేసి, టీ పెట్టుకుని వచ్చినా ఇంకా ఆ చక్రం తిరుగుతూనే ఉంది. పారేసి కొత్తది కొననా?"

ఇద్దరికీ చెప్పాల్సింది డ్రైవ్ గురించే, అంటే విండోస్, ఫైళ్లు అన్నీ దాచుకునే భాగం గురించే. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. లోపల తిరిగే హార్డ్ డిస్క్ ఉంటే ఇక ఆలోచించొద్దు, మార్చండి. ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ (కదిలే భాగాల్లేని డ్రైవ్‌లలో వేగమైన కొత్తరకం) ఉంటే స్పీడు కోసం మార్చొద్దు, చోటు చాలకపోతేనే మార్చండి. కొత్తది కొంటున్నవాళ్లు డబ్బు ముందు ర్యామ్ మీద పెట్టండి, డ్రైవ్ సంగతి తర్వాత చూసుకోవచ్చు. దీనికి మినహాయింపులున్నాయి, అవీ చెప్తాను.

ముందు లోపల ఏముందో చూడండి

విండోస్‌లో కింద టాస్క్‌బార్ మీద రైట్ క్లిక్ కొట్టి టాస్క్ మేనేజర్ తెరవండి. పర్ఫార్మెన్స్ ట్యాబ్‌లో డిస్క్ అన్నచోట హెచ్‌డీడీయో (హార్డ్ డిస్క్) ఎస్ఎస్‌డీయో రాసి ఉంటుంది, పక్కనే మోడల్ నంబరు కూడా. ఇంకా వివరంగా కావాలంటే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. డ్రైవ్ ఎన్ని గంటలు నడిచింది, ఎంత రాశారు, ఆరోగ్యం ఎంత శాతం మిగిలింది, అన్నీ ఒకే తెరమీద చూపిస్తుంది. 512 జీబీ అని కొన్నది 476గా కనిపిస్తే మోసపోయామని కంగారు పడకండి. తయారీదారు లెక్కలో జీబీ అంటే వంద కోట్ల బైట్లు, విండోస్ మాత్రం 1024 చొప్పున లెక్కిస్తుంది. 1 టీబీ అయితే 931గా కనిపిస్తుంది.

2018, 2019, 2020 ప్రాంతాల్లో మన దగ్గర మధ్యతరగతి ఇళ్లకు చేరిన ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి 1 టీబీ హార్డ్ డిస్క్ ఉండేది, నిమిషానికి 5400 చుట్లు తిరిగేది. పెద్ద సినిమా ఫైలు కాపీ చేస్తే అది సెకనుకు 100 ఎంబీ దాకా లాగుతుంది, అక్కడ మరీ తీసిపారేసేది కాదు. ఇబ్బంది చిన్న ఫైళ్లతో. విండోస్ లేవాలంటే వేల చిన్న చిన్న ముక్కలు చదవాలి. ఒక్కో ముక్క కోసం డిస్క్ లోపలి ముల్లు ఒకచోటి నుంచి ఇంకోచోటికి జరగాలి, పళ్లెం తిరిగి ఆ చోటు ముల్లు కిందికి రావాలి. ఒక్కోసారికి పది మిల్లీసెకన్లకు పైమాటే. అంటే సెకనుకు వంద ముక్కలు కూడా చదవలేదు. ఎస్ఎస్‌డీలో కదిలే భాగమే లేదు కాబట్టి అదే సెకనులో వేలకు వేలు చదివేస్తుంది. సాటా (హార్డ్ డిస్క్‌లు వాడే పాత కనెక్షన్) రకం ఎస్ఎస్‌డీ గరిష్ఠ వేగం సెకనుకు 550 ఎంబీ, హార్డ్ డిస్క్‌కు ఐదు రెట్లే. కానీ ల్యాప్‌టాప్ వాడుతుంటే తెలిసే తేడా అంతకు ఎన్నో రెట్లు.

మా పిన్ని కూతురి దగ్గర 2019లో కొన్నది ఒకటి ఉండేది. మూడు నిమిషాలు పట్టేది లేవడానికి. హార్డ్ డిస్క్ తీసేసి 500 జీబీ సాటా ఎస్ఎస్‌డీ వేస్తే ఇరవై సెకన్లలోపు డెస్క్‌టాప్ వచ్చేసింది. "ప్రాసెసర్ కూడా మార్చావా అన్నయ్యా?" అని అడిగింది. అదే ప్రాసెసర్, అదే ర్యామ్.

ఇలాంటి పాతదానికి డబ్బు పెట్టేముందు ఒక్కటి చూసుకోండి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఇంటెల్ ఎనిమిదో తరం ప్రాసెసర్, ఆ తర్వాతవి ఉంటే విండోస్ 11కి వెళ్లొచ్చు. అంతకన్నా పాతవాటిని, ఒకటి రెండు మినహాయిస్తే, విండోస్ 11 అధికారికంగా ఒప్పుకోదు. అలాంటి మిషన్‌కి పెద్ద డ్రైవ్ వద్దు, చిన్నది వేసి, విండోస్‌కు బదులు ఉచితంగా దొరికే లైనక్స్‌తో నడిపించుకునే ఓపిక ఉంటేనే వేయండి.

ఇక మీ దాంట్లో ఎన్‌వీఎంఈ ఉందనుకోండి. మూడో తరం పీసీఐఈ (ఎన్‌వీఎంఈ డ్రైవ్‌కి డేటా వెళ్లే దారి) డ్రైవ్ సెకనుకు 3500 ఎంబీ వరకు చదువుతుంది, నాలుగో తరానిది 7000 దాటుతుంది. పెట్టె మీద చూస్తే రెట్టింపు. చేతిలో చూస్తే క్రోమ్ అదే వేగంతో తెరుచుకుంటుంది, విండోస్ లేవడంలో ఒకటో రెండో సెకన్ల తేడా. బాగానే ఉన్న 512 జీబీ ఎన్‌వీఎంఈ తీసేసి, స్పీడు కోసమే ఇంకో 512 వేయడం కొండను తవ్వి ఎలుకను పట్టడమే. రోజూ వందల జీబీల వీడియో అటూఇటూ కదిలించే ఎడిటర్ అయితే ఆ మాట వేరు.

కంపెనీ డ్రైవ్ నాసిరకమా?

"కంపెనీవాళ్లు లోపల చీప్‌ది పడేస్తారు" అన్నమాట బాగా వినిపిస్తుంది. సగం నిజం.

ల్యాప్‌టాప్ కంపెనీలు చాలావరకు డ్రైవ్‌లు సొంతంగా చేయవు. శామ్‌సంగ్, మైక్రాన్, ఎస్‌కే హైనిక్స్, కియాక్సియా, శాన్‌డిస్క్ (2025లో విడిపోయేదాకా వెస్టర్న్ డిజిటల్) లాంటి వాళ్ల దగ్గర టోకున కొంటాయి. బయట పెట్టెలో అమ్మే డ్రైవ్‌లు చేసేదీ చాలావరకు వీళ్లే. శామ్‌సంగ్ పీఎం9ఏ1 అని ల్యాప్‌టాప్‌లలో వచ్చేది దాదాపుగా షాపులో దొరికే 980 ప్రోకి తోబుట్టువు, డ్రైవ్‌ని నడిపే చిప్, అంటే కంట్రోలర్ కూడా ఒకటే. ఖరీదైన ల్యాప్‌టాప్‌లో అది పడిందంటే మీరు బయట కొనబోయేదానికన్నా మంచిదే ఇప్పటికే లోపల ఉన్నట్టు.

ఇబ్బంది ఏమిటంటే ఏది పడిందో కొనేదాకా తెలియదు. స్పెసిఫికేషన్‌లో "512 జీబీ పీసీఐఈ ఎన్‌వీఎంఈ" అనే ఉంటుంది, అంతకుమించి ఒక్క ముక్క ఉండదు. ఒకే మోడల్ ల్యాప్‌టాప్ ఇద్దరు కొంటే ఒకరిదాంట్లో ఒక కంపెనీ డ్రైవ్, ఇంకొకరిదాంట్లో ఇంకో కంపెనీది ఉండొచ్చు. ఒక బ్యాచ్‌లో ఒక్కో సెల్‌కి (డేటా దాచే చిన్న గదికి) మూడు బిట్లు పట్టే టీఎల్‌సీ, ఇంకో బ్యాచ్‌లో నాలుగు బిట్లు కుక్కే క్యూఎల్‌సీ. మైక్రాన్ 2210 అలా ల్యాప్‌టాప్‌లలో వచ్చిన క్యూఎల్‌సీ డ్రైవే. మామూలు వాడకంలో రెంటికీ తేడా తెలియదు. ముందుభాగంలో వేగంగా రాసుకునే తాత్కాలిక చోటు రెంటికీ ఉంటుంది కాబట్టి. డ్రైవ్ బాగా నిండాక యాభై, అరవై జీబీల ఫోల్డర్ ఒకేసారి కాపీ పెడితే అప్పుడు క్యూఎల్‌సీ అసలు రూపం చూపిస్తుంది, వేగం కొన్నిసార్లు హార్డ్ డిస్క్ స్థాయికి పడిపోతుంది.

మోడల్ నంబరు చదవడం కాస్త అలవాటైతే ఎవరిదో పట్టేయొచ్చు. ఎంజెడ్ అక్షరాలతో మొదలైతే శామ్‌సంగ్. ఎంటీఎఫ్‌డీ అంటే మైక్రాన్. ఎస్ఎన్ ముందు పీసీ అని ఉంటే, ఉదాహరణకు పీసీ ఎస్ఎన్530, పీసీ ఎస్ఎన్740, అది వెస్టర్న్ డిజిటల్ ల్యాప్‌టాప్ కంపెనీల కోసం చేసిన రకం.

అసలైన తేడా నాణ్యతలో కన్నా పూచీలో ఉంది. ల్యాప్‌టాప్‌తో వచ్చిన డ్రైవ్ పోతే ఆ డ్రైవ్ తయారీదారుకి మీతో సంబంధం లేదు, ల్యాప్‌టాప్ కంపెనీయే చూసుకోవాలి, అదీ ల్యాప్‌టాప్ వారంటీ ఉన్నన్నాళ్లే, చాలావాటికి ఒక ఏడాది. ఫర్మ్‌వేర్ (డ్రైవ్‌ని లోపల నడిపే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్లు కూడా వాళ్ల నుంచే రావాలి. శామ్‌సంగ్ మెజీషియన్ సాఫ్ట్‌వేర్ వేసుకుని ల్యాప్‌టాప్‌తో వచ్చిన శామ్‌సంగ్ డ్రైవ్‌ని అప్‌డేట్ చేద్దామంటే అది మనది కాదు పొమ్మంటుంది. బదులుగా, ఆన్‌సైట్ వారంటీ ఉంటే మనిషి ఇంటికొచ్చి మార్చి వెళ్తాడు, మీరు స్క్రూడ్రైవర్ ముట్టుకోనక్కర్లేదు. అయితే పాడైన డ్రైవ్ కంపెనీకి తిరిగి ఇచ్చేయాలి, అందులోని మీ ఫొటోలు, ఆధార్ కాపీలతో సహా. డెల్, హెచ్‌పీ, లెనోవో లాంటివి పాత డ్రైవ్ మన దగ్గరే ఉంచుకునే సేవను విడిగా అమ్ముతాయి. ఆఫీసులు కొంటాయి, ఇళ్లలో అది ఉందని కూడా తెలియదు.

బయట కొన్నది ఎలా ఉంటుంది

పెట్టెలో కొన్న మంచి డ్రైవ్‌కి సాధారణంగా 5 ఏళ్ల వారంటీ. దాంతోపాటు ఎంత రాస్తే వారంటీ తీరిపోతుందో కూడా ఉంటుంది, టీబీడబ్ల్యూ అంటారు. రెంటిలో ఏది ముందొస్తే అది. 1 టీబీ శామ్‌సంగ్ 990 ప్రోకి, డబ్ల్యూడీ (వెస్టర్న్ డిజిటల్) ఎస్ఎన్770కి 600 టీబీ. క్రూషియల్ పీ3 1 టీబీకి 220 టీబీ, అది క్యూఎల్‌సీ. 600ని చూసి 220 మీద చిన్నచూపు చూసేముందు లెక్క వేయండి. 220 టీబీని ఐదేళ్లకు పంచితే రోజుకు 120 జీబీ. కోడింగ్ చేసుకునే విద్యార్థి రోజుకు ఇరవై జీబీ రాస్తే గొప్ప. కాబట్టి మన్నిక భయంతో ఖరీదైనది కొనొద్దు. ఎడిటింగో, పెద్ద ఫైళ్లతో పనో ఉంటే టీఎల్‌సీ తీసుకోండి, అది నిలకడైన వేగం కోసం.

బయట కొన్నదానికీ లాటరీ లేకపోలేదు. 2021లో క్రూషియల్ పీ2, డబ్ల్యూడీ బ్లూ ఎస్ఎన్550 రెండూ అదే పేరుతోనే లోపలి భాగాలు మార్చుకున్నాయి. సమీక్షల్లో ఒకటి, చేతికొచ్చింది ఇంకొకటి. పీ2 అయితే టీఎల్‌సీ నుంచి ఏకంగా క్యూఎల్‌సీకి దిగింది. అందుకే ఎప్పుడో రాసిన సమీక్ష చూసి కొనకుండా, ఇటీవల కొన్నవాళ్లు ఏం చెప్తున్నారో చూడండి. పేర్లూ మారుతున్నాయి. వెస్టర్న్ డిజిటల్ తన ఫ్లాష్ (ఎస్ఎస్‌డీలలో వాడే చిప్‌ల) వ్యాపారాన్ని 2025లో శాన్‌డిస్క్‌గా విడదీసింది. క్రూషియల్ పేరుతో ఇళ్లకు అమ్మడం ఆపేస్తున్నట్టు మైక్రాన్ 2025 డిసెంబరులో ప్రకటించింది, అమ్మినవాటి వారంటీ మాత్రం కొనసాగుతుందంది. షాపులో ఆ సరుకు కనిపిస్తే ధర బాగుంటే తీసుకోవచ్చు, బిల్లు జాగ్రత్త. జీఎస్‌టీ బిల్లు లేకుండా వందో రెండొందలో తగ్గించుకోవడం ఐదేళ్ల వారంటీని ఆ రెండొందలకు అమ్ముకోవడమే. అమెరికా నుంచి వచ్చే అన్నయ్యతో తెప్పించుకునేవాళ్లు కూడా ఆ వారంటీ ఇక్కడ చెల్లుతుందో లేదో ముందే కనుక్కోండి.

పడుతుందో లేదో

నేను చేసిన తప్పు ఇక్కడే. మా మేనల్లుడి కోసం 1 టీబీ డ్రైవ్ కొనుక్కెళ్లి, ల్యాప్‌టాప్ అడుగు భాగం విప్పితే స్లాట్ 42 మిల్లీమీటర్లది, నా చేతిలో ఉన్నది 80. సన్నని పట్టీలా ఉండే ఎం.2 డ్రైవ్‌ల మీద 2230, 2242, 2280 అని ఉండే అంకెల అర్థం అదే: వెడల్పు 22 మిల్లీమీటర్లు, మిగతా రెండంకెలు పొడవు. పొట్టిది పొడవైన స్లాట్‌లో స్క్రూ దిగే చోటుంటే సర్దుకుంటుంది, పొడవైంది పొట్టిదాంట్లో ఎలాగూ పట్టదు. 2230, 2242 సైజులు షాపుల్లో తక్కువ దొరుకుతాయి, అదే సామర్థ్యానికి కాస్త ఎక్కువ పెట్టాలి.

ఇంకో మెలిక. సాటా, ఎన్‌వీఎంఈ రెండూ ఎం.2 ఆకారంలో వస్తాయి. పాత ల్యాప్‌టాప్‌లలో కొన్నింటి ఎం.2 స్లాట్ సాటాని మాత్రమే గుర్తిస్తుంది, ఎన్‌వీఎంఈ పెడితే అసలేమీ లేనట్టే ఉంటుంది. నాలుగో తరం డ్రైవ్‌ని మూడో తరం స్లాట్‌లో పెట్టడం వల్ల నష్టం లేదు, మూడో తరం వేగంతో పనిచేస్తుంది. బాగా పల్చటి ల్యాప్‌టాప్‌కి రెండువైపులా చిప్‌లున్న డ్రైవ్ కొనొద్దు. ఇవన్నీ మీ మోడల్ సర్వీస్ మాన్యువల్‌లో ఉంటాయి. లెనోవో, డెల్, హెచ్‌పీ మూడూ వాటిని ఉచితంగానే ఇస్తాయి. ఓ పది నిమిషాలు ఆ పీడీఎఫ్ తిరగేస్తే నాలా ఉత్తచేతులతో తిరిగి రానక్కర్లేదు.

అసలు మార్చడానికే వీల్లేనివీ ఉన్నాయి. బాగా చవక ల్యాప్‌టాప్‌లలో 64, 128 జీబీల ఈఎంఎంసీ అనే స్టోరేజీ చిప్ బోర్డుకే అతికి ఉంటుంది. అలాంటివి నేనైతే కొననివ్వను. ఆపిల్ 2016 మ్యాక్‌బుక్ ప్రో టచ్‌బార్ మోడళ్ల నుంచి, 2018 నుంచి మ్యాక్‌బుక్ ఎయిర్‌లోనూ స్టోరేజీని బోర్డుకే సోల్డర్ చేస్తోంది. పైగా 2022లో వచ్చిన ఎం2 ఎయిర్ 256 జీబీ మోడల్‌లో ఒకే ఫ్లాష్ చిప్ పెట్టడంతో, దాని స్టోరేజీ చదివే వేగం అంతకు ముందున్న ఎం1 ఎయిర్‌లో దాదాపు సగానికి పడిపోయింది. మ్యాక్ కొనేవాళ్లకు ఈ వ్యాసంలో సలహా ఒక్కటే: నాలుగేళ్లకు ఎంత కావాలో అంచనా వేసుకుని కొన్నరోజే ఆ సైజు కొనేయండి. ఎంత బాధ అనిపించినా.

డబ్బు లెక్క

కొత్త విండోస్ ల్యాప్‌టాప్ కొనేవాళ్లు 512కి, 1 టీబీకి మధ్య కంపెనీ అడిగే తేడాని, బయట 1 టీబీ మంచి డ్రైవ్ ధరని పక్కపక్కన పెట్టి చూడండి. రెండూ దగ్గర్లో ఉంటే నేను బయటిదానికే ఓటేస్తాను, ఎందుకంటే కంపెనీ 1 టీబీలో మీకు దక్కేది 1 టీబీ మాత్రమే. బయటిదైతే 1 టీబీతోపాటు తీసిన 512 కూడా మీ చేతిలో మిగులుతుంది. రెండో స్లాట్ ఉన్న మోడల్ అయితే పాతది తీయనే అక్కర్లేదు. కంపెనీ తేడా బాగా తక్కువైతే మాత్రం మొహమాటపడకుండా కంపెనీదే తీసుకోండి. డేటా సెంటర్ల గిరాకీతో 2025 చివరి నుంచి మెమరీ, ఎస్ఎస్‌డీల ధరలు బాగా పెరిగాయి, కాబట్టి రెండేళ్ల కిందటి "బయట సగం ధరకే" అన్న మాట ఈరోజు నమ్మకండి. కొనే రోజే లెక్క వేసుకోవాలి.

ర్యామ్ అలా కాదు. పల్చటి ల్యాప్‌టాప్‌లలో ఇప్పుడు ర్యామ్ బోర్డుకే సోల్డర్ చేసి ఉంటోంది, 8 జీబీ అని కొంటే ఆఖరి వరకూ 8 జీబీయే. బడ్జెట్ ఒక్కదానికే సరిపోతే 16 జీబీ ర్యామ్, 512 డ్రైవ్ ఉన్నదే తీసుకోండి, 8 జీబీ ర్యామ్‌తో 1 టీబీ వద్దు.

మార్చేటప్పుడు

సికింద్రాబాద్ చినాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట్ల అరగంటలో వేసిచ్చేస్తారు. పక్కనే నిలబడి చూడండి. తీసిన డ్రైవ్ అడిగి తీసుకోండి, అది మీదే. ఇంట్లో చేసుకోవడమూ కష్టమేం కాదు. బ్యాటరీ కేబుల్ తీసేయడం మర్చిపోకుండా ఉంటే చాలు.

విండోస్ లైసెన్స్ గురించి భయపడక్కర్లేదు. విండోస్‌తో వచ్చిన ల్యాప్‌టాప్‌లలో ఆ కీ మదర్‌బోర్డులోనే ఉంటుంది. ఖాళీ డ్రైవ్ మీద అదే ఎడిషన్ మళ్లీ వేస్తే ఇంటర్నెట్ తగలగానే దానంతటదే యాక్టివేట్ అవుతుంది. కొత్త కీ కొనాలని ఎవరైనా అంటే ఆ షాపు దిగి వచ్చేయండి. పదకొండో తరం, ఆ తర్వాతి ఇంటెల్ మిషన్లలో విండోస్ ఇన్‌స్టాల్ చేస్తుంటే డ్రైవే కనిపించకపోవచ్చు, డ్రైవ్ పాడైందని అనుకోకండి. కంపెనీ వెబ్‌సైట్ నుంచి ఇంటెల్ వీఎండీ డ్రైవర్ (విండోస్‌కి ఆ డ్రైవ్ కనిపించేలా చేసే చిన్న సాఫ్ట్‌వేర్) పెన్‌డ్రైవ్‌లో వేసుకుని అక్కడ చూపిస్తే వస్తుంది. ఉన్నదున్నట్టు కావాలంటే క్లోన్ చేయొచ్చు, క్లోనెజిల్లా ఉచితం, డ్రైవ్ కంపెనీలు కూడా తమ కొనుగోలుదారులకు సాఫ్ట్‌వేర్ ఇస్తాయి. హార్డ్ డిస్క్ నుంచి వస్తున్నవాళ్లు మాత్రం ఏళ్ల చెత్తని మోసుకురాకుండా కొత్తగా విండోస్ వేసుకోవడమే మేలు.

అన్నిటికన్నా ముందు బిట్‌లాకర్ చూడండి, డ్రైవ్‌లోని డేటాకి విండోస్ వేసే తాళం అది. చాలా ల్యాప్‌టాప్‌లలో డ్రైవ్ ఎన్‌క్రిప్షన్ మనకు చెప్పకుండానే ఆన్ అయి ఉంటుంది. మా బావగారిది అలాగే అయింది. కొత్త డ్రైవ్ వేసి, విండోస్ వేసి, పాత డ్రైవ్‌ని యూఎస్‌బీ ఎన్‌క్లోజర్‌లో (డ్రైవ్‌ని బయట నుంచి తగిలించే డబ్బాలో) పెట్టి ఫొటోలు తీసుకుందామంటే 48 అంకెల రికవరీ కీ అడిగింది. ఆ కీ ఏదో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంది, ఆ అకౌంట్ కొన్నరోజు షాపు కుర్రాడు తెరిచింది, దాని పాస్‌వర్డ్ ఎవరికీ గుర్తులేదు. తాళం ల్యాప్‌టాప్ బోర్డులోని టీపీఎం చిప్‌తో ముడిపడి ఉంటుంది కాబట్టి పాత డ్రైవ్‌ని మళ్లీ అదే స్లాట్‌లో బిగిస్తే మామూలుగా తెరుచుకుంది. సెట్టింగ్స్‌లో ఎన్‌క్రిప్షన్ ఆఫ్ చేసి, అది పూర్తయ్యేదాకా కూర్చుని, మళ్లీ విప్పాం. విప్పకముందే ఆ పని చేసి ఉంటే ఆదివారం మధ్యాహ్నం మిగిలేది.

తీసిన డ్రైవ్‌ని ల్యాప్‌టాప్ వారంటీ తీరేదాకా అమ్మకండి, ఎవరికీ ఇవ్వకండి. స్క్రీనో కీబోర్డో పోయి సర్వీస్ సెంటర్‌కి ఇవ్వాల్సి వస్తే పాతది బిగించి ఇవ్వొచ్చు, మీ డేటా ఇంట్లోనే ఉంటుంది, "బయటి పార్ట్ వేశారు" అన్న గొడవా ఉండదు. ఆ తర్వాత ఎన్‌క్లోజర్‌లో పెట్టి బ్యాకప్‌కి వాడుకోండి, అయితే అదొక్కటే కాపీ అనుకుని బీరువాలో పెట్టి మర్చిపోవద్దు. ఎస్ఎస్‌డీలో డేటా విద్యుదావేశంగా నిలుస్తుంది. బాగా అరిగిన డ్రైవ్ కరెంటు లేకుండా 30 డిగ్రీల దగ్గర ఏడాదిపాటు డేటా నిలిపితే చాలన్నదే ఇళ్లలో వాడే ఎస్ఎస్‌డీలకు చిప్‌ల పరిశ్రమ సంస్థ జెడెక్ ప్రమాణం పెట్టిన షరతు. మన ఎండాకాలం బీరువా 30 డిగ్రీల దగ్గర ఆగదు. ఆరు నెలలకోసారి తగిలించి, ఓ గంట అలా ఉంచి, నాలుగు ఫైళ్లు తెరిచి చూడండి. మా ఇంట్లో ఎన్‌క్లోజర్ మీద చిన్న కాగితం అంటించి తేదీలు రాస్తున్నాం, గ్యాస్ బండ మార్చిన తేదీ క్యాలెండర్ మీద రాసుకున్నట్టే.